రైలుగేటు ఖర్చెవరిది?

రైలుమార్గమును రోడ్డు దాటుచోట గేటుండవలెననుటలో ఎవరికిని వివాదము లేదు. ఆ గేటునకును, దాని దీపములకును, గంటకును అగు ఖర్చును ఎవరు పెట్టుకొనవలెనని అడిగినప్పుడే వివాదము మొదలగును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ వివాదము చాలకాలము సాగినది. ఆ దేశమున రైలుమార్గములు చాలవరకు ప్రైవేటు కంపెనీలవి, రోడ్లు ప్రభుత్వములవి. ఇరుగుపొరుగువారి నడిమి గోడవలె ఈ ఖర్చు ఇరువురిదియు అయి, ఎవరిదియు గాక నిలిచినది.

తొలినాళ్ళలో న్యాయము సులభముగనే తోచెను. గుఱ్ఱపుబండ్లు తిరుగు దారికి అడ్డముగా వచ్చినది రైలు. అపాయమును తెచ్చినవారే కాపుదల ఖర్చును భరింపవలెనని జనులు తలంచిరి. మోటారుబండ్లు పెరిగిన వెనుక ఈ వాదము సడలినది. టెనెస్సీ రాష్ట్రములోని లెక్సింగ్‌టన్‌లో రోడ్డును పట్టాలను వేరుచేయు కట్టడమునకు సగము ఖర్చును రైలు కంపెనీ ఇయ్యవలెనని ప్రభుత్వము శాసించెను. కంపెనీ కోర్టుకెక్కెను. ఆ రోడ్డుమీది లారీలును బస్సులును తన బేరమునే కొల్లగొట్టుచుండగా, వాటి సౌకర్యమునకు తానేల చెల్లింపవలెనని దాని ప్రశ్న. 1935లో సుప్రీంకోర్టు తీర్పును వ్రాసిన న్యాయమూర్తి బ్రాండైస్ ఈ ప్రశ్నను త్రోసిపుచ్చలేదు. మారిన కాలమునుబట్టి సగము వంతు న్యాయమగునో కాదో మరల విచారింపుడని వ్యాజ్యమును రాష్ట్ర న్యాయస్థానమునకు తిప్పి పంపెను.

పిమ్మట భారము క్రమముగా ప్రజాధనము మీదికి జరిగినది. కేంద్ర సహాయముతో జరుగు పనులలో కంపెనీ వంతు నూటికి పదికి మించరాదని 1944 నాటి శాసనము నిర్ణయించెను. 1973లో గేట్ల భద్రతకై ప్రత్యేకనిధి ఏర్పడెను. 2021 నాటి శాసనము ఈ పనుల ఖర్చునంతయు కేంద్రమే ఇచ్చుటకు వీలు కల్పించెను. (మన దేశమున రైళ్ళు కేంద్రప్రభుత్వమువి గనుక తగవు వేరు రూపము దాల్చినది: గేటునకు బదులు వంతెన కట్టునప్పుడు కేంద్రమును రాష్ట్రమును ఖర్చు పంచుకొనుట పరిపాటి.)

అయితే గేటు పెట్టుట ఒక యెత్తు, దానిని నిత్యము కాపాడుట మరియొక యెత్తు. ఈ రెండవ భారము నేటికిని సాధారణముగా కంపెనీలదే. పట్టాలలో స్వల్పమైన విద్యుత్తు ప్రవహించుచుండును. రైలు రాగానే దాని చక్రములును ఇరుసులును రెండు పట్టాలను కలుపును. ప్రవాహము దారి మళ్ళును. దీపములు వెలిగి, గంట మ్రోగి, గేటు వాలును. తీగ తెగినను ఇట్లే జరుగును. అనగా యంత్రము చెడినను ప్రాణరక్షణ వైపునకే మొగ్గును. రైలు చేరుటకు కనీసము 20 సెకండ్ల ముందు హెచ్చరిక అందవలెనని అచటి నిబంధన.

ఆ సెకండ్లు చాలని సందర్భమొకటి 1995 అక్టోబరు 25న ఇల్లినాయి రాష్ట్రములోని ఫాక్స్ రివర్ గ్రోవ్‌లో సంభవించెను. విద్యార్థుల బస్సొకటి పట్టాలు దాటి, ముందున్న కూడలిలో ఎఱ్ఱదీపము చూచి ఆగెను. ముందు చోటు చాలక బస్సు వెనుకభాగము పట్టాలపైననే మిగిలిపోయెను. రైలు ఢీకొని ఏడుగురు విద్యార్థులు మరణించిరి. గేటు దీపములు రైలు కంపెనీవి. కూడలి దీపము రాష్ట్ర రహదారి శాఖది. రైలు వచ్చుచున్నదని మొదటివి రెండవదానికి తెలుపుటకు తీగ కూడ కలదు. కాని కూడలిలో పచ్చదీపము వెలిగిన పిదప బస్సు కదలిపోవుటకు తగిన వ్యవధి మిగులలేదు. ఎవరి దీపమును వారు చూచుకొనిరి. ఆ రెంటి నడుమ నుండవలసిన వ్యవధిని ఇరువురును కలిసి లెక్కించినవారు లేరు.