నూటికి మూడున్నర రూపాయల వడ్డీ

తెలుగు పల్లెలలో వడ్డీని ఏడాదికి ఇంత శాతమని చెప్పు వాడుక తక్కువ. నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుదురు. రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అనగానే చదువురాని వానికి సైతము లెక్క కన్నులకు కట్టును. రూపాయి వడ్డీని పలుచోట్ల ధర్మవడ్డీ యందురు. రెండు రూపాయలన్నచో అవసరము గట్టిదని అర్థము. మూడు రూపాయలకు అప్పు తెచ్చినాడని తెలిసినచో ఆ మనిషి మునుగుచున్నాడనియే ఊరివారు తలంతురు. అంతకు మించిన వడ్డీలు ఈ నేలమీద లేకపోలేదు గాని, వానిని వసూలు చేయువారిని లోకము గౌరవింపదు.

క్రెడిట్ కార్డును ఈ తక్కెడలో పెట్టి తూచినవారు అరుదు. కార్డుమీద మిగిలిపోయిన బాకీకి మనదేశపు బ్యాంకులు సాధారణముగా నెలకు 3 నుండి 3.75 శాతము వరకు వడ్డీ వేయుచున్నవి. మూడున్నర యనుకొన్నచో ఏడాదికి 42 శాతము. ఆ వడ్డీమీద వస్తుసేవల పన్ను నూటికి 18 వంతున వేరుగా పడును. రెండును కలిపినచో నూటికి నెలకు 4 రూపాయల 13 పైసలు. ఊరి షావుకారు ఈ వడ్డీ చెప్పినచో మారుమాటాడక గుమ్మము దిగివచ్చు ఉపాధ్యాయుడే, పట్టణపు దుకాణములో కార్డు చాచి, ఇంటికి వచ్చి నిశ్చింతగా నిద్రించుచున్నాడు. ఏడాది శాతములలో చెప్పిన మాట చెవికి సోకినంతగా మనసుకు సోకదు కాబోలు.

కార్డు పుట్టినప్పుడు ఇట్టి వడ్డీతో పుట్టలేదు. 1950లో న్యూయార్కు నగరమున ఫ్రాంక్ మెక్‌నమారా ప్రభృతులు స్థాపించిన డైనర్స్ క్లబ్ తన సభ్యులకు ఇచ్చినది ఒక అట్టముక్క. దానిని చూపి హోటళ్లలో భుజించినవారు తరువాత బిల్లు మొత్తమును చెల్లించవలసినదే. బాకీని మిగుల్చుకొని వడ్డీతో నెలల తరబడి కట్టు పద్ధతిని వ్యాప్తికి తెచ్చినది బ్యాంక్ ఆఫ్ అమెరికా. 1958లో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి ఫ్రెస్నో పట్టణములో ఆ బ్యాంకు సుమారు 60,000 కార్డులను, అడుగనివారికి సైతము, తపాలాలో పంపినది. ఆ కార్డే 1976లో వీసా యను పేరు దాల్చినది. మనదేశములో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా 1980లో కార్డును తెచ్చినది. అడుగని వారికి కార్డు ఇవ్వరాదని నేడు రిజర్వు బ్యాంకు నిబంధన. అయినను, అడుగనివారిచేత అడిగించు టెలిఫోను తియ్యదనమును ఏ నిబంధనయు ఆపజాలదు.

బిల్లు మొత్తమును గడువులోగా కట్టువారికి కొనుగోళ్లమీద వడ్డీ యుండదు. వస్తువు కొన్న తేదీని బట్టి నలుబది, యేబది దినముల వరకు ఊరక వాడుకొను వీలును కలదు. కాని గత నెల బాకీలో కొంత మిగిలినచో ఆ వీలు పోవును. క్రొత్తగా కొన్నవానికి సైతము కొన్న నాటినుండియే వడ్డీ నడచును. కార్డుతో యంత్రమునుండి నగదు తీసినవారికి మొదటినుండియు గడువు లేదు. వడ్డీ ఆనాడే మొదలగును, రుసుము అదనము.

ఇక కనీస చెల్లింపు. బిల్లుమీద రెండు అంకెలుండును. ఒకటి మొత్తము బాకీ, రెండవది ఈ నెల తప్పక కట్టవలసిన కనీస మొత్తము. లక్ష రూపాయల బాకీకి ఆ రెండవ అంకె 5,000 ఉన్నదనుకొన్నచో, జీతగాని ప్రాణము కుదుటపడును. 5,000 కట్టినచో ఆలస్య రుసుము లేదు, ఫోను మ్రోగదు, పరువు నిలుచును. ఆ 5,000లో వడ్డీకిని పన్నుకును పోవునది 4,130. అసలులో తగ్గునది 870 రూపాయలు.

చక్రవడ్డీ పాఠము చెప్పు ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లమీద వేయవచ్చును. క్రొత్తగా ఏమియు కొనక, నెలకు 5,000 తప్పక కట్టినచో లక్ష తీరుటకు 44 నెలలు; కట్టిన సొమ్ము సుమారు 2,16,000. నెలకు 8,000 కట్టినచో 18 నెలలు. మొత్తము సుమారు 1,43,500. నెలకు మూడువేలు ఎక్కువ కట్టుటచే రెండేండ్ల పైచిలుకు కాలమును, డెబ్బదిరెండువేల రూపాయలును మిగులును. అదే లక్షను రూపాయి వడ్డీకి తెచ్చుకొని, అదే 5,000 చొప్పున కట్టినచో 23 నెలలలో తీరును. మొత్తము 1,12,000 చిల్లర. మరియొక లెక్క యింకను చిత్రమైనది. బాకీ తగ్గినకొలది కనీస మొత్తమును తగ్గును గదా! నెలనెలా బాకీలో నూటికి 5 వంతును మాత్రమే కట్టుచు పోవువానికి లక్ష యేబదివేలకు దిగుటకే ఆరున్నరేండ్లు దాటును. కనీసము మాత్రమే కట్టినచో తీర్పు నెలలు, సంవత్సరములు సాగునని బిల్లుమీద అచ్చువేసి హెచ్చరింపవలెనని రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశములలో నిర్దేశించినది. హెచ్చరిక అచ్చగుచున్నది, చదువువారు కొద్దిమంది.

పూర్వపు అప్పునకు ఒక ముఖముండెను. షావుకారు వీధి అరుగుమీద కూర్చుండి కనబడువాడు. కిరాణా కొట్టువాడు ఖాతా పద్దు పెరిగినచో, సరకు పొట్లము కట్టుచునే, పాతబాకీ సంగతి మెల్లగా కదపువాడు. ఆ మాటకు సిగ్గుపడియే ఇల్లాలు మరునెల చక్కెర తగ్గించెడిది. కార్డు అప్పునకు ముఖము లేదు. భార్య తీసికొన్నది భర్తకు, భర్త తీసికొన్నది భార్యకు తెలియకుండ ఏండ్లు గడచిపోవచ్చును. కనీస మొత్తము కట్టుచున్నంతకాలము ఇంటిలో ఎవరికిని అనుమానము రాదు. నిజమునకు ఆ 5,000తో అతడు కొనుక్కొనుచున్నది నిశ్శబ్దమును.

కార్డు చేతనుండగా మనిషి ఎక్కువ ఖర్చుచేయునను మాట ఊహ కాదు. డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అను ఇరువురు అమెరికా ఆచార్యులు 2001లో తమ ప్రయోగ ఫలితములను ప్రకటించిరి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో వ్యాపార నిర్వహణ చదువు విద్యార్థులచే బాస్కెట్‌బాల్ ఆట టిక్కెట్లకు పాట పాడించిరి. కొందరు నగదు ఇవ్వవలెను, కొందరు కార్డుతో కట్టవలెను. కార్డువారు పాడిన ధర నగదువారి ధరకు ఇంచుమించు రెట్టింపు! డబ్బు విలువ ఎరిగిన విద్యార్థుల సంగతియే ఇది. నోట్లు లెక్కించి ఇచ్చునప్పుడు వ్రేళ్లకు కలుగు చిన్న నొప్పి, కార్డు చాచునప్పుడు కలుగదు. కనుక అప్పు తీరువరకు కార్డును బీరువాలో పెట్టి, వారమునకు ఇంతయని నగదు తీసి వాడుకొనుట పాతకాలపు పద్ధతియైనను పనిచేయు పద్ధతి. ఫోనులో, వెచ్చాల అంగడి జాలములో దాచియుంచిన కార్డు అంకెలను తుడిచివేయుటయు ఇందులో భాగమే.

ఇంక పద్దు పుస్తకము. జపానులో హానీ మొతోకో అను పత్రికా రచయిత్రి 1904లో గృహిణులకై ఖర్చుల పుస్తకము నొకదానిని ప్రచురించినది. కకేబో యను పేర ఆ అలవాటు నేటికిని నిలిచియున్నది. మన ఇండ్లలోను క్యాలెండరు వెనుక పాలలెక్క, గోడమీద చాకలిపద్దు ఉండెడివి. లెక్క వ్రాయుట మనకు క్రొత్త కాదు, మరచిపోయిన విద్య.

నెలకు 60,000 రూపాయలు చేతికి వచ్చు ఒక ఉపాధ్యాయుని ఇంటిని ఊహించి చూడవచ్చును. అద్దె 12,000. బియ్యము, పప్పులు, పాలు, కూరలు 14,000. పిల్లల చదువు 9,000. పెట్రోలు, బస్సు 3,500. కరెంటు, గ్యాసు, ఫోను 3,500. ముసలి తల్లిదండ్రుల మందులు 3,000. చీటీ 5,000. ఇంతవరకు 50,000. కార్డునకు కట్టునది 5,000. మిగిలిన 5,000 ఏమైనదని అడిగినచో భార్యాభర్తలిద్దరును ఒకరి ముఖమొకరు చూచుకొందురు. గడచిన మూడు నెలల బిల్లులను ముందు పెట్టుకొని, ఎర్ర సిరాతో గీతలు గీచినప్పుడు గాని అది బయటపడదు. రాత్రి వంట చేయలేక ఇంటికి తెప్పించుకొన్న భోజనములు, ఎవరును చూడని సినిమా చందాలు, తగ్గింపు ధరకు దొరికినదని కొన్న రెండవ జత చెప్పులు. వీనిలో ఏ ఒక్కటియు దుర్వ్యసనము కాదు. అందుచేతనే వానిపై ఎవరికిని అనుమానము కలుగలేదు.

పద్దు వ్రాయునప్పుడు అందరును మరచునది ఏడాది కొకమారు వచ్చు ఖర్చు. జూనులో పాఠశాల రుసుములు, పుస్తకములు, దసరాకు బట్టలు, మాఘ వైశాఖములలో పెండ్లిండ్ల చదివింపులు, ప్రయాణములు. ఇవి యేటేట తేదీ తప్పక వచ్చుచుండినను, ప్రతి ఇంటిలోను ఆకస్మిక విపత్తులవలె దిగును. అప్పుడు కార్డు బయటకు వచ్చును. ఏడాదికి 24,000 అగునని తెలిసినచో నెలకు 2,000 వేరుగా దాచవలెను. పై ఇంటిలో జాడ తెలియని 5,000లో 2,000 దీనికి పోగా, 3,000 కార్డునకు చేరును. 5,000 కట్టువారు 8,000 కట్టగలరు. పై లెక్కలో 44 నెలలు 18 నెలలుగా మారినది ఇచ్చటనే. పండుగనాడు పిల్లలకు క్రొత్తబట్టలు మానవలెనని ఈ లెక్క చెప్పుటలేదు. సంతోషమంతయు కొట్టివేసిన పద్దు రెండు నెలలకు మించి నిలువదని అనుభవజ్ఞులు ఎరుగుదురు.

ఇంతకంటె త్రోవ లేదా యన్నచో, ఉన్నది; కాని దానిని అభిమానము అడ్డగించుచుండును. బ్యాంకులో నూటికి ఏడెనిమిది వంతుల వడ్డీకి డిపాజిట్టు ఉంచుకొని, కార్డునకు 42 వంతులు కట్టు ఇండ్లు కలవు. అది అమ్మాయి పెండ్లికని పేరు పెట్టినది కనుక ముట్టరు. పేరు పవిత్రమైనదే గాని, ప్రతి నెల ఆ పెండ్లి సొమ్మే మరియొక ద్వారమున పోవుచున్నది. చీటీ పాడుకొని వచ్చిన సొమ్మును, ఉద్యోగుల సహకార పరపతి సంఘము ఇచ్చు అప్పును, బంగారము కుదువ పెట్టి తెచ్చిన మొత్తమును కార్డునకు కట్టి, ఆ తక్కువ వడ్డీని తీర్చుకొనుట లెక్కకు తగిన పని. కార్డు బాకీని వాయిదాలుగా మార్చెదమని బ్యాంకువారే చెప్పుటయు కలదు. దాని వడ్డీతోపాటు రుసుమునుకూడ కలిపి చూడవలెను. ఈ త్రోవలో పొంచియున్న గొయ్యి ఒకటే. ఖాళీయైన కార్డు మరల నిండును. అప్పుడు ఒక అప్పు రెండగును. పద్దు పుస్తకము లేని ఇంటివారు ఈ మార్పిడికి పూనుకొనకపోవుటయే మేలు.

రెండు మూడు కార్డులున్నవారు అన్నిటికిని కనీసము కట్టుచు, మిగిలినదంతయు ఎక్కువ వడ్డీ గల దానిమీద పెట్టినచో సొమ్ము ఎక్కువ మిగులును. అన్నిటికంటె చిన్న బాకీని ముందు తీర్చినచో ధైర్యము కలుగును. వడ్డీలు ఇంచుమించు సమానమైనప్పుడు రెండవ పద్ధతిని ఎంచుకొన్నను నష్టము స్వల్పము.

చట్టము వడ్డీకి హద్దు కట్టునను ఆశ ఒకప్పుడుండెను. 30 శాతమునకు మించిన కార్డు వడ్డీ అన్యాయ వ్యాపార పద్ధతియని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పినది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. వసూలు చేయువారి నడవడికి మాత్రము హద్దులున్నవి. ఉదయము 8 గంటలకు ముందును, సాయంత్రము 7 గంటల తరువాతను బాకీకై ఫోను చేయరాదని 2022లో రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించినది. బాకీ పడినవానిని అవమానించు హక్కు ఎవరికిని లేదు. ఈ సంగతి తెలియక, ఇంటిలో చెప్పుకొనలేక క్రుంగిపోవువారికి ముందుగా చెప్పవలసిన మాట యిదియే.

బాకీ పూర్తిగా తీరిన పిమ్మట కార్డును ఉంచుకొనుటయా, మూయించుటయా యనునది ఆ ఇంటివారు కూర్చుండి తేల్చుకొనవలసిన విషయము. మూయింపదలచినవారు కోరిన నాటినుండి ఏడు పనిదినములలో బ్యాంకు దానిని మూయవలెను. మూయనిచో, ఆలస్యమైన ప్రతి దినమునకు 500 రూపాయల చొప్పున ఖాతాదారునకు చెల్లించుకొనవలెను.