అమ్మకు క్షయ అయితే బిడ్డకేమి చెప్పాలి?

2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక చుట్టుపక్కల పల్లెల పిల్లలకు విమానాల మోత అలవాటైపోయింది. రాత్రంతా అమ్మ దగ్గే శబ్దానికి మాత్రం ఏ బిడ్డా అలవాటుపడదు.

క్షయ అని తేలగానే పెద్దలు గుసగుసలాడుకుంటారు, పిల్లలను బయటికి పంపివేస్తారు. ఐదేళ్ల బిడ్డ ఏమనుకుంటుంది? "నేను అల్లరి చేశాను, అందుకే అమ్మ దగ్గరకు రానివ్వడంలేదు" అనుకుంటుంది. కనుక తల్లిదండ్రులారా, జబ్బు పేరు దాచకండి. "అమ్మ ఊపిరితిత్తుల్లో కంటికి కనబడని క్రిములు చేరాయి. దగ్గితే గాలిలోకి వస్తాయి, అందుకే నోటికి గుడ్డ కట్టుకుంది. ఇది నీవల్ల రాలేదు" అనండి, చాలు. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఎవరి పాపమని అడిగారు (యోహాను 9). ఆ ప్రశ్న మన సంఘాల్లోనూ వినబడుతుంది. బిడ్డ చెవిన పడనివ్వకండి.

కంచం, గ్లాసు వేరు చేయనక్కరలేదు. క్షయ గిన్నెల ద్వారా అంటదు. మందులు క్రమంగా వేసుకుంటే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది. అయినా మామూలు క్షయకు ఆరు నెలలూ వాడాల్సిందే. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తమేమోనని బిడ్డ హడలిపోతుంది, ముందే చెప్పండి. మాత్ర వేసుకున్న రోజున క్యాలెండరులో గీత బిడ్డచేతనే పెట్టించండి.

పిల్లలకూ పరీక్ష చేయించాలి. జబ్బు లేకున్నా, రాకుండా మందు ఇస్తారు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిదాకా వెళ్లనక్కరలేదు, దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడగండి, ఖర్చు లేదు. రోగి ఆహారానికి ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుండి 1000 చేసింది. ఆ డబ్బుతో గుడ్లు కొనండి. గుడ్డు అమ్మకే ఎందుకో చెబితే చిన్నవాడు అలగడు.