వార్తల్లో పదం: మున్సిపల్ కోర్టు

మామిడిపల్లి రోడ్డు పక్కన రాత్రికి రాత్రే ఎవరో ట్రాక్టర్ నిండా ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు దించిపోతారు. దొరికితే చలానా రాస్తారు. కట్టకపోతే? అలాంటి చిన్న కేసులను వినేదే మున్సిపల్ కోర్టు.

అమెరికాలో చాలా నగరాల కౌన్సిళ్లు తీర్మానించి, బడ్జెట్‌లో డబ్బు కేటాయించి ఇలాంటి కోర్టు పెట్టుకోగలవు. మన దగ్గర అలా కుదరదు. 2025-26కు 8,440 కోట్ల రూపాయల బడ్జెట్ వేసుకున్న హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీకైనా ఆ అధికారం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, హైకోర్టును సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వమే ఒక తరహా కేసుల కోసం ప్రత్యేక మేజిస్ట్రేట్ కోర్టు ఏర్పాటు చేయవచ్చు. జడ్జిని నియమించేది హైకోర్టు. ఇదే సరైన పద్ధతి. జరిమానా వేసే ఆఫీసు చేతిలోనే తీర్పు కూడా ఉంటే, తప్పు చేయనివాడు ఎక్కడ మొరపెట్టుకోవాలి?