ఇది నా పాపానికి శిక్షేనా?

వార్డుల్లో ప్రార్థనకు వెళ్లినప్పుడు మేము తరచుగా వినే ప్రశ్న మందుల గురించి కాదు. "ఏ పాపం చేశానని నాకిది వచ్చింది అయ్యగారూ?" అని అడుగుతారు. ముఖ్యంగా కుష్ఠువ్యాధి అని కొత్తగా తెలిసినవారు.

వారిచేత ఆ మాట అనిపించేది చాలాసార్లు చుట్టుపక్కలవారే. సంఘంలోనూ కొందరు మిర్యాము, గేహజీ, ఉజ్జియా రాజు పేర్లు ఎత్తుతారు. ఆ సంగతులు బైబిలులో ఉన్న మాట నిజమే. కానీ అక్కడ తీర్పు తీర్చింది దేవుడు, ఇరుగుపొరుగు కాదు. మిర్యాము కోసం మోషే మొరపెట్టాడనీ, ఏడు దినాల తరువాత ఆమెను మళ్లీ పాళెములో చేర్చుకున్నారనీ చెప్పేవారు తక్కువ. నయమానుకు కుష్ఠు ఏ పాపం వలన వచ్చిందో ఎక్కడా వ్రాయబడలేదు. లేవీయకాండములోనైతే బట్టలకు, ఇంటి గోడలకు పట్టే మచ్చలను కూడా కుష్ఠు అనే అన్నారు. గోడ ఏ పాపం చేసింది?

పుట్టుగుడ్డివాని విషయంలో వాడు పాపం చేశాడా, వాని కన్నవారా అని శిష్యులు అడిగితే ప్రభువు ఆ రెండూ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారికంటే పాపులు కారని చెప్పి, మారుమనస్సు పొందమని వింటున్నవారినే హెచ్చరించాడు.

యోబు స్నేహితులను చూడండి. దేవుడు న్యాయవంతుడు గనుక నీలో తప్పు ఉండే తీరాలని వారు వాదించారు. దేవుని పక్షాన మాట్లాడుతున్నామనే అనుకున్నారు. చివరికి దేవుని కోపం వారి మీదే రగిలింది. వారి కోసం ప్రార్థన చేయవలసినవాడు ఎవరో తెలుసా? వారు నిందించిన యోబే. న్యాయం, కనికరం రెండూ అక్కడ ఒకేచోట కనబడతాయి. అయితే తనకు ఆ బాధ ఎందుకు వచ్చిందో యోబుకు చివరిదాకా చెప్పలేదు.

కుష్ఠు సంగతికొస్తే, దానికి కారణమైన క్రిమిని 1873లో నార్వే డాక్టరు హాన్సెన్ కనిపెట్టాడు. క్రిమి ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి ఏళ్లు పడుతుంది. ఇది వంశపారంపర్యం కాదు. శిక్ష అనుకున్నవారు మచ్చను చొక్కా కింద, చీరకొంగు కింద దాస్తారు. ఆ దాచిన కాలంలోనే నరం దెబ్బతింటుంది. స్పర్శ పోయిన చెయ్యి వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు, కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వేళ్లు పోవడానికి ఆ పుండ్లే చాలావరకు కారణం. మందు క్రిమిని చంపుతుంది గాని, పోయిన స్పర్శను అన్నిసార్లూ తిరిగి తేలేదు. మాకు బాధ కలిగించేది ఇదే.

ఒంటిమీద పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ ఉండి, అక్కడ తాకినా తెలియకపోతే వెంటనే చూపించుకోండి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందులు ఉచితం. వ్యాధి రకాన్ని బట్టి ఆరు లేక పన్నెండు నెలలు వాడాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటే ప్రమాదం పోతుంది గనుక, వేరే కంచం, వేరే గది అక్కర్లేదు. వచ్చేటప్పుడు ఇంట్లోవారిని కూడా వెంటబెట్టుకుని రండి, వారినీ ఒకసారి పరీక్ష చేయాలి.