విద్యుత్సంగీత సాధన

వీణయందు తంత్రి కంపించును. వేణువునందు గాలి కంపించును. మృదంగమునందు చర్మము కంపించును. కంపనము లేనిదే నాదము లేదు. విద్యుత్సంగీతమున మొదట కంపించునది విద్యుత్ప్రవాహము. అది సెకనుకు 440 మారులు ఊగినచో ఒక స్వరము పుట్టును. 880 మారులు ఊగినచో అదే స్వరము పై స్థాయిలో వినబడును. ఆ ఊపును లౌడుస్పీకరు గాలికి అందించి మన చెవికి చేర్చును.

ఈ విద్యకు మన దేశమున గురుపరంపర లేని కాలమున, 1969లో, అహమ్మదాబాదునందలి జాతీయ డిజైను సంస్థలో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ‘మూగ్ సింథసైజరు’ అను యంత్రమును నెలకొల్పెను. పఖవాజ్ వాద్యము నేర్చిన గీతా సారాభాయి, అతుల్ దేశాయి, జిన్‌రాజ్ జోషీపురా మొదలగువారు దానిపై ప్రయోగములు చేసిరి. తీగలను ఒకచోటి నుండి మరియొకచోటికి మార్చుట, వినుట, మరల మార్చుట - ఇదియే వారి అభ్యాసము. 1972 వరకు వారు కూర్చిన నాదములు టేపులపై నిలిచినవి. చిరకాలము మరుగుపడియున్న ఆ టేపులు 2017లో మరల వెలుగుచూచినవి.

నాటి యంత్రము చేసిన పనిలో చాల భాగమును నేడు ఫోనులోని ఒక యాప్ చేయగలదు. కావున రాజన్న సిరిసిల్ల జిల్లాలోని గంభీరావుపేటలో చదువుకొను విద్యార్థియు, గురువు చేరువలో లేకున్నను, ఈ సాధన నారంభింపవచ్చును.

మొదట ఒక్క ధ్వనినే గైకొనవలెను. అది ఒక్కుమ్మడి లేచి వెంటనే అణగినచో మృదంగపు దెబ్బవలె నుండును. మెల్లగ లేచి నిలిచినచో వేణునాదమును పోలును. జల్లెడ పిండినుండి పొట్టును వేరుచేయునట్లు, ఫిల్టరు ధ్వనిలోని తీక్ష్ణతను తొలగించును. తరువాత ఎనిమిది అక్షరముల తాళమును అమర్చి, మరల మరల తిరుగనిచ్చి, దానిపై నాలుగైదు స్వరములను చేర్చవలెను. సిరిసిల్ల నేతగాడు పడుగు లేక పేకను నడుపజాలడు. ఇందు తాళము పడుగు, స్వరము పేక. అచటి మరమగ్గపు చప్పుడునే ఫోనులో పట్టి తాళముగ వాడుకొనవచ్చును. 1948లో పారిస్ రేడియో ఇంజనీరు పియేర్ షెఫేర్ రైలు చప్పుళ్లతోనే ఒక సంగీతఖండమును కూర్చెను.

స్వయముగ నేర్చువారు తరచుగ చేయు పొరపాటొకటి కలదు. ఫోనులో వందల ధ్వనులుండుటచే, వారు దినమునకొకటి మార్చుచు, పది ఖండములు మొదలిడి ఒకటియు ముగింపరు. దిద్దువారు లేని విద్యార్థికి ఇది పెద్ద నష్టము. ముగింపనిదానిలో తప్పు తెలియదు. ఒక నిమిషపు ఖండమునైనను ముగించి, నలుగురికి వినిపించి, వారి మనసు ఎచట మరలెనో గమనించి సవరించుకొనవలెను. యంత్రము ఎన్ని ధ్వనులనైనను ఇచ్చును. వానిలో ఏది ఉంచవలెనో, ఏది విడువవలెనో చెప్పునది అభ్యాసముచే పదునెక్కిన చెవియే.