రోలర్ స్కీలు: ముందు రోడ్డు చూడండి, తర్వాతే వేగం

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో మంచు కరిగాక క్రాస్ కంట్రీ స్కీయర్లు తారు రోడ్డెక్కుతారు. కాళ్లకు చక్రాల స్కీలు, చేతుల్లో పోల్స్. నార్వేలోని సాండ్నెస్‌లో వేసవిలో జరిగే బ్లింక్ ఫెస్టివల్‌లో ప్రపంచస్థాయి స్కీయర్లే వీటి మీద పోటీ పడతారు. ఆ దేశాల్లో ఉంటున్న మనవాళ్లెవరైనా మొదటి జత కొనాలనుకుంటే, ధర కన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండు: ఏ పద్ధతి, ఏ రోడ్డు.

క్లాసిక్ పద్ధతిలో పాదాలు సమాంతరంగా ఒకదాని వెనక ఒకటి సాగుతాయి. అందుకే ఆ స్కీ పొడుగ్గా, చక్రాలు వెడల్పుగా ఉంటాయి. ఒక చక్రం ముందుకే తిరుగుతుంది, వెనక్కి తిరగదు. కాలితో తన్నినప్పుడు పట్టు దొరికేది దానివల్లే. స్కేటింగ్‌లో పాదాన్ని పక్కకు నెడతాం కాబట్టి స్కీ పొట్టిగా, చక్రాలు సన్నగా ఉంటాయి. సాధారణంగా వాటి వ్యాసం 100 మిల్లీమీటర్లు, వెడల్పు 24.

క్లాసిక్ చక్రంలో ఒక చిక్కుంది. ఎప్పుడు తన్నినా, ఎలా తన్నినా అది పట్టు ఇస్తుంది. మంచు మీద అలా కుదరదు. బరువంతా సరైన క్షణంలో ఒకే పాదం మీద పడితేనే స్కీ అడుగున పూసిన మైనం మంచును పట్టుకుంటుంది. వేసవంతా ఆలస్యంగా తన్నడం అలవాటైతే శీతాకాలం మొదటి ఎత్తులోనే కాలు వెనక్కి జారుతుంది. క్లాసిక్ కొనేవాళ్లు తమ తన్నును వీడియో తీసుకుని చూసుకోవడం మంచిది.

చక్రాల వేగం అంకెల్లో ఉంటుంది. స్వెనోర్ కంపెనీ లెక్కలో 1 వేగం, 2 మధ్యస్థం, 3 నెమ్మది. ఇతర కంపెనీల లెక్కలు వేరు కాబట్టి అడిగి తీసుకోవాలి. కొత్తవాళ్లకు నా సలహా మధ్యస్థం, లేదంటే నెమ్మది. చాలా రోలర్ స్కీలకు బ్రేకులుండవు. పైగా మరీ వేగంగా దొర్లే చక్రం మీద శరీరానికి పని తగ్గుతుంది, మంచు మీద ఉండే బిగువు అలవాటు కాదు.

నున్నటి తారు మీద అల్యూమినియం స్కీ చాలు. గరుకు రోడ్డయితే ఫైబర్ మిశ్రమంతో చేసినది మేలు, అదురు పాదాలదాకా రాకుండా చాలావరకు మింగేస్తుంది. కంకర, అడవి బాటలకు గాలి నింపిన పెద్ద టైర్లవి కావాలి. తడిరోడ్డు మీద పాలీయురెథేన్ కన్నా రబ్బరు నమ్మదగినది. తెల్లగీతల మీద అదీ జారుతుంది.

బూట్లకు, వాటిని స్కీకి బిగించే బైండింగ్‌కు జత కుదరాలి. ఎన్ఎన్ఎన్ రకం బూటు ప్రోలింక్ బైండింగ్‌కు సరిపోతుంది, పాత ఎస్ఎన్ఎస్‌కు సరిపోదు.

పోల్ పొడవు క్లాసిక్‌కు మనిషి ఎత్తులో సుమారు 83 శాతం, స్కేటింగ్‌కు 90. కొసన మంచు బుట్ట తీసేసి కార్బైడ్ మొన బిగించాలి. అది మొండిబారితే తారు మీద జారుతుంది, భుజం లాగేస్తుంది. అందుకే వజ్రపు ఆకురాయి కూడా కొనండి, మొనను తరచూ పదును పెట్టండి.

హెల్మెట్, చేతొడుగులు, మెరిసే జాకెట్ లేకుండా రోడ్డెక్కవద్దు. డబ్బు సరిపోకపోతే స్కీలు సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి, హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి. మొదటి రోజుల్లో, పల్లం దిగి కూడలి దగ్గర ముగిసే దారి ఎంచుకోవద్దు.