గుంజ పట్టుకునేదెవరు?

కల్యాణసింగ్‌పూర్‌లో మా పెద్దమ్మగారింట అటక దులుపుతుంటే పాత టీవీ ఒకటి బయటపడింది. లోపలి రాగితీగ అమ్ముకోవచ్చని మా మేనల్లుడు సుత్తి తీశాడు. "ఆగరా! ఆ ట్యూబులో గాలి లేదు. పగిలితే గాజుముక్కలు మొహానికి కొడతాయి" అని చెయ్యి పట్టుకున్నాను.

"గాలి లేకపోతే భయమెందుకు మావయ్యా?" అన్నాడు. మంచి ప్రశ్నే.

భయమంతా బయటి గాలితో. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున అది నొక్కుతూనే ఉంటుంది. 14 అంగుళాల తెర మీద ఆ లెక్క దాదాపు 600 కిలోలు! పిక్చర్ ట్యూబుకు అంత మందం గాజు, అంత బొజ్జ అందుకే.

ఆ బొజ్జ తీసేసి ట్యూబును పలకలా చేద్దామని అమెరికాలో, శాన్ హోసేలోని క్యాండెసెంట్ అనే కంపెనీ 1990లలో పూనుకుంది. రెండు గాజు పలకలు, నడుమ మిల్లీమీటరు పైచిలుకు ఖాళీ, అందులో గాలి ఉండదు. పలకలు లోపలికి కుంగకుండా మధ్యలో వెంట్రుక మందాన పింగాణీ గోడలు నిలపాలి. అవీ రంగుచుక్కల మధ్య నల్లగీతల మీదే నిలవాలి, లేకపోతే బొమ్మలో చారలు కనిపిస్తాయి.

మన పెళ్లిపందిళ్లు చూశారుగా! గుంజ తర్వాత ఎంత బరువైనా మోస్తుంది. పాతి, మన్ను కూరేదాకా మాత్రం ఒకరు పట్టుకోవాలి. ఈ గోడలదీ అదే అవస్థ. గాలి లాగేశాక బయటి ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. అంతవరకు, అంటే పలకలు మూసి, వందల డిగ్రీల వేడిలో అంచులు అతికేదాకా, అవి ఒరగకుండా ఎవరు పట్టుకోవాలి? జిగురు పెడదామంటే అది వాయువులు వదిలి లోపలి శూన్యాన్ని చెడగొడుతుంది. గోడ, గాజు వేడికి ఒకే తీరున సాగకపోతే గోడ వంకరపోతుంది. అందుకని బొమ్మ పడే చోటుకు అవతల గోడ కొసలకు పాదాలు తగిలించడం, పలక మీదే సన్నని గట్లు కట్టి వాటి నడుమ గోడను దోపడం వంటి ఉపాయాలు పన్నారు. నన్నడిగితే తెర కనిపెట్టడం కన్నా ఇదే గొప్ప పని.

పాపం, ఫలితం దక్కలేదు. 1998లో సోనీ చేయి కలిపినా, 2004లో క్యాండెసెంట్ దివాలా తీసింది. దాని ఆస్తులు కేనన్ కొంది. తోషిబాతో కలిసి కేనన్ మొదలుపెట్టిన ఇలాంటి తెర ప్రయత్నం కూడా 2010లో ఆగిపోయింది.

ఈలోగా ఎల్‌సీడీ ఇళ్లన్నీ ఆక్రమించింది. అందులో శూన్యంతో పనిలేదు, పలకల మధ్య నాలుగైదు మైక్రాన్ల ఖాళీలో ద్రవస్ఫటికం ఉంటుంది.

"అయితే మన గోడ టీవీలో గుంజలు లేవా?" అన్నాడు మావాడు.

ఉన్నాయి. మొదట్లో సన్నని ప్లాస్టిక్ పూసలు చల్లేవారు. తర్వాత గాజు మీద పూత పూసి, వెలుతురుతో అచ్చువేసి, అక్కడికక్కడే స్తంభాలు లేపడం నేర్చుకున్నారు. నేలలోంచి మొలిచిన గుంజను ఎవరూ పట్టుకోనక్కర్లేదు కదా!

పాత టీవీని మాత్రం ఇద్దరం జాగ్రత్తగా మళ్లీ అటకెక్కించాం.